షీల్డు తెచ్చే చెయ్యి

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే ఆయన్ని అందరూ ఛీ మాస్టారు అంటారు. పిల్లలు చాటుగా అంటారు, తోటి మాస్టార్లు మొహం మీదే అంటారు. అటెండరైతే ఒకసారి నోరు జారి, "ఛీ సార్, మిమ్మల్ని పెద్దసారు రమ్మంటున్నారు" అనేశాడు. ఆయన కోప్పడలేదు. ఆ పేరు ఎవరో ఊరికే ఇచ్చింది కాదు, చెమటోడ్చి సంపాదించుకున్నదే. టీ మీద మీగడ కట్టినా ఛీ, కుర్చీ చేతికి ఎవరో సుద్దచేతులు తుడిచినా ఛీ, స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు గోళ్ళు కొరుక్కుంటుంటే రెండుసార్లు ఛీ. ముందు ముక్కుపుటాలు లేస్తాయి, తర్వాత పెదవి ఒక పక్కకి జరుగుతుంది, ఆ తర్వాతే మాట బయటికొస్తుంది. ఆయన భార్య మందుల దుకాణంలో పని చేస్తుంది. "కడుపులో తిప్పితే వేసుకోడానికి మా దగ్గర బిళ్ళ ఉంది గానీ, మనుషుల్ని చూస్తే తిప్పేదానికి ఇంకా రాలేదండీ" అని వేళాకోళమాడుతుంది.

అన్నిటికంటే పెద్ద ఛీని ఆయన హెడ్మాస్టారి గదిలో ఉన్న అద్దాల బీరువాకి దాచిపెట్టాడు. అందులో షీల్డులుంటాయి. ఊళ్ళో బడులన్నిటికీ కలిపి ఏటా ఇంగ్లీషు చేతిరాత పోటీ పెడతారు. ఒక కాగితం ఇస్తారు, దాన్ని చూసి అందంగా ఎక్కించాలి, అంతే. ఆ షీల్డు ఈ బడి గడప దాటి బయటికి పోక చాలా ఏళ్ళయింది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకి హెడ్మాస్టారు ముందు ఆ బీరువా చూపిస్తాడు, తర్వాత ఒక పిల్లాడి నోట్సు తెరిచి చూపిస్తాడు. "చూశారా, అచ్చు వేసినట్టు లేదూ?" అంటాడు. నిజమే, అచ్చు వేసినట్టే ఉంటుంది. తల్లిదండ్రులు కళ్ళింతలు చేసుకుని అక్కడికక్కడే చేర్పించేస్తారు. ఆ పిల్లాణ్ణి పిలిచి రాసిందాంట్లో ఒక్క వాక్యం చదవమని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.

అడిగితే బండారం బయటపడేది. ఆ బడిలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు పీరియడంటే నాలుగు గీతల పుస్తకం. రాత మాస్టారని ఒకాయన చేతిలో స్కేలు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ ఉంటాడు. అక్షరం తోక గీత దాటితే వేలి కణుపు మీద ఒకటి పడుతుంది. పిల్లలు పాఠం చూసి ఎక్కిస్తారు, జవాబులు గైడు చూసి ఎక్కిస్తారు, ఎక్కించినవాటినే మళ్ళీ ఎక్కిస్తారు. ఎక్కించి ఎక్కించి ఆ జవాబులు వేళ్ళకి కంఠతా వచ్చేస్తాయి. పరీక్షలో ప్రశ్న చదవరు. ప్రశ్న మొదట్లో ఉన్న మాట ఆకారం చూసి, ఓహో ఇది పొడుగు తలకాయ ప్రశ్న, దీనికి ఫలానా జవాబు అని గుర్తుపట్టి దించేస్తారు. దిద్దేవాళ్ళు ముత్యాల్లాంటి అక్షరాలు చూసి మురిసిపోయి మార్కులేస్తారు. అందరూ పాసవుతారు, అందరూ సంతోషంగా ఉంటారు. పేపర్ల కట్ట విప్పిన ప్రతిసారీ ఛీ మాస్టారికి ఒళ్ళు కంపరమెత్తుతుంది. ప్రతి పేపర్లోనూ అదే జవాబు, అదే అందం, అందులో మనిషన్నవాడు ఒక్కడూ కనపడడు.

ఈ రోగం ఆయనకి కొత్తది కాదు, ఇంట్లో చూసిందే. వాళ్ళ నాన్న అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఏరి వరసలో పేర్చడమే ఆయన ఉద్యోగం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, కానీ కాగితం మీదున్న ఆకారం చూసి అలాంటిదే అరలోంచి తీసి పేర్చేవాడు. తప్పు దొర్లేది కాదు. ఒకసారి చేసిన పని బాగా కుదిరిందని యజమాని మెచ్చుకుంటే, ఆ కాగితం ఇంటికి తెచ్చి, ఫ్రేము కట్టించి, ముందుగదిలో వచ్చినవాళ్ళకి ఎదురుగా కనపడేట్టు తగిలించాడు. చుట్టూ తీగల అంచు, మధ్యలో నల్లటి ఇంగ్లీషు అక్షరాలు. చాలాకాలం ఇంటిల్లిపాదీ దాన్ని చూసుకుని గర్వపడ్డారు. ఒకరోజు మామయ్య వరసాయన వచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. గోడ కేసి చూసి, దగ్గరికెళ్ళి మళ్ళీ చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "బావా, మూలవ్యాధి మందు ప్రకటన ముందుగదిలో ఎందుకు పెట్టుకున్నావు? ఇక్కడికొస్తే తగ్గుతుందని చెప్పడానికా?" అన్నాడు.

నాన్న ఫ్రేము దించి, వెనక్కి తిప్పి, మంచం కిందికి తోసేశాడు. ఆ మొహం చూశాక కొడుక్కి మామయ్య మీద రోత పుట్టింది, నాన్న మీద జాలి పుట్టింది, జాలి పుట్టినందుకు తన మీద తనకే వెగటేసింది. అక్షరం ఏమంటోందో తెలియకుండా దాని మొహం మాత్రం చూసే బతుకు తనకొద్దనుకున్నాడు. పట్టుబట్టి ఇంగ్లీషు నేర్చుకుని, ఆ ఇంగ్లీషే చెప్పే ఉద్యోగంలో చేరాడు. చేరి చూస్తే ఏముంది, గది నిండా నాన్నలే కూర్చుని ఉన్నారు.

వాళ్ళందరిలోకీ గొప్ప చెయ్యి ముత్యానిది. అది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని రాత మాస్టారు పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది. ఇప్పుడు పదో తరగతి. తండ్రి లేడు, తల్లి బట్టలు కుడుతుంది. పోయినేడు, దానికి ముందటేడు షీల్డు తెచ్చింది ఈ పిల్లే. బడిలో ఏ బోర్డు రాయాలన్నా, ఏ చార్టు రాయాలన్నా ముత్యాన్ని పిలవాల్సిందే. పాఠం మధ్యలోంచి లేపుకుపోయేవాళ్ళు. క్లాసులో మొదటొచ్చిన పిల్లలకిచ్చే మెరిట్ సర్టిఫికెట్ల మీద వాళ్ళ పేర్లు కూడా ఈ పిల్లే రాసేది. డబ్బులివ్వక్కర్లేని పెయింటరు దొరికితే ఎవరొదులుకుంటారు?

ఛీ మాస్టారు ఒకరోజు లైబ్రరీ పుస్తకమొకటి ఇచ్చి, రెండు పేజీలు బోర్డు మీద ఎక్కించమన్నాడు. పుస్తకం ఒక్కటే ఉంది, క్లాసంతా చూడాలి కదా అని. ముత్యం ఎక్కించింది. మాస్టారు వెనక బల్ల దగ్గర నిలబడి చూస్తే బోర్డు కన్నులపండువగా ఉంది. చదవడం మొదలుపెట్టాక ఆయన ముక్కుపుటాలు లేచాయి. వాక్యం మధ్యలో పేజీ నంబరు ఉంది. దాని కింద లైబ్రరీ ముద్రలో సగం ముక్క ఉంది, గుండ్రంగా, పొందికగా. ఇంకో చోట ఒక అక్షరం నెత్తిన ఆరు కాళ్ళతో ఏదో గుర్తు. అది ఏ భాషలోనూ లేదు. పుస్తకం తీసి చూశాడు. ఎప్పుడో ఎవరో పుస్తకం టపీమని మూసినప్పుడు చచ్చి అతుక్కుపోయిన చీమ. ముత్యం దాన్ని కూడా శ్రద్ధగా, కాళ్ళు లెక్క తప్పకుండా గీసింది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఎవరికీ తేడా తెలియలేదు మరి. మాస్టారికి ఛీ అనిపించింది. చీమని చూసి కాదు. ఏళ్ళ తరబడి ఈ పిల్లని అందలమెక్కించి తిప్పినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఇది చూడలేదే అని.

గంట కొట్టాక ఆ అమ్మాయిని ఆపి, పుస్తకం చూపించి, "ఈ మొదటి మాట చదువమ్మా" అన్నాడు. తల దించుకుంది. "పోనీ రెండోది." పావడ అంచు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. అలా చుట్టుకుంటూనే, "ఎవరికీ చెప్పకండి సార్" అంది.

"చెప్పను. కానీ పరీక్షలయ్యేలోగా నువ్వు చదవాలి. ఇక్కణ్ణించి బయటపడితే నీకు ఎవరూ చెప్పరు."

ఆయన సైన్సు మాస్టార్ని బతిమాలి లాబ్ వెనకాల సామాన్ల గది సంపాదించాడు. విరిగిన తరాజులు, మూతలు పోయిన సీసాలు ఒక మూలకి నెట్టించాడు. చివరి పీరియడ్‌లో ఇంగ్లీషు చదవడం రానివాళ్ళని అక్కడ కూర్చోబెట్టాడు. ముత్యంతో పాటు ఇంకో పదిమంది తేలారు. ఒప్పుకున్నవాళ్ళు పదిమంది, అంతే. ఆ గదికి ఒకటే నియమం: లోపలికి పెన్ను రాకూడదు. గుమ్మం పక్కన అట్టపెట్టె పెట్టాడు, పెన్నులు, పెన్సిళ్ళు అందులో వేసి రావాలి. పెన్ను చేతికొస్తే చాలు, ఈ పిల్లల కళ్ళు మూతబడి వేళ్ళు తెరుచుకుంటాయని ఆయనకి తెలుసు.

చదవడానికి పాఠ్యపుస్తకం తేలేదు. అది చూస్తే పిల్లలకి ఎక్కించాలనే అనిపిస్తుంది. భార్య దుకాణం నుంచి ఖాళీ మందు డబ్బాలు, సబ్బు కాగితాలు, బ్యాటరీ అట్టలు తెచ్చాడు. ఒక పోస్టుకార్డు పెట్టి మాటని కప్పి, కొంచెం కొంచెం జరుపుతూ శబ్దం చెప్పించేవాడు. పదో తరగతి పిల్లలు, మీసాలు వస్తున్నవాళ్ళు, చిన్నపిల్లల్లా కూడబలుక్కుంటుంటే సిగ్గుతో చెవులు ఎర్రబడేవి. మాస్టారు మటుకు ఆ గదిలో ముక్కు చిట్లించలేదు. ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ముత్యానికి మొదట్లో అసలు కుదర్లేదు. అక్షరం కనపడితే దాని వొంపు చూసేది, తోక చూసేది, శబ్దం దగ్గరికి వచ్చేసరికి బెదిరిపోయేది. వారాలు గడిచాయి. ఒకరోజు గదిలోకి వస్తూనే జేబులోంచి దారపు ఉండ ఖాళీ గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. దాని చివర గుండ్రంగా అంటించిన కాగితముంది. దాన్ని తిప్పుతూ కూడబలుక్కుని చదివింది. ఎర్ర దారం, నూలు, గట్టిది. "మా అమ్మ మిషను మీద రోజూ ఇదే ఉంటుంది సార్. ఇన్నాళ్ళూ బొమ్మేమో అనుకున్నాను" అంది. మాస్టారు ఇంకో సబ్బు కాగితం ఆమె ముందుకి తోశాడు. ఇంటికెళ్ళి ఆ పూట ఏ పేచీ పెట్టకుండా తింటే, భార్య నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

గొడవ అక్కడే మొదలైంది. చదవడం వస్తున్నకొద్దీ ముత్యం రాత పాడవసాగింది. ఇదివరకు చెయ్యి ఒక ఊపున పోయేది, ఆపడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఎక్కిస్తుంటే మాట మాటకీ కన్ను ఆగుతోంది, ఇదేమంటోంది అని అడుగుతోంది. కన్ను ఆగితే చెయ్యి తడబడుతోంది. ఒక అక్షరం లావు, ఒకటి సన్నం, తోకలు తలో దారి. మామూలు పిల్లల రాతలా అయింది, అంతకంటే ఏం కాలేదు. కానీ ఆ బడిలో అది కొంప మునిగిన సంగతే.

రాత మాస్టారు ఆ నోట్సు పట్టుకుని హెడ్మాస్టారి గదిలోకి పరిగెత్తాడు. చావుకబురు మోసుకొచ్చినవాడిలా ఉంది మొహం. హెడ్మాస్టారు ఛీ మాస్టార్ని పిలిపించాడు.

"ఏం చేశారు మాస్టారూ ఈ పిల్లని?" అన్నాడు. ఆయన గొంతెప్పుడూ పెరగదు, తేనె పూసినట్టే ఉంటుంది.

"చదవడం నేర్పుతున్నానండీ."

"ఇప్పుడేం తొందరొచ్చింది? పోటీ నెలరోజుల్లో ఉంది."

"పదో తరగతండీ. చదవడం రాదు."

"అయ్యో, పాసైపోతుంది మాస్టారూ. మన బడిలో ఎవరు తప్పారు చెప్పండి?" అని నవ్వాడు. రాత మాస్టారు కూడా నవ్వాడు. నాలుగు గీతల మధ్య పట్టేంత నవ్వు.

మర్నాడు తల్లి వచ్చింది. రాత మాస్టారే కబురు పెట్టాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది, మిషను మీంచి లేచి వచ్చినట్టుంది. ఛీ మాస్టార్ని వరండాలో ఆపింది.

"దాని చెయ్యి పాడు చేశారంట కదా సార్."

"అమ్మా, మీ పిల్లకి చదవడం రాదు. పదేళ్ళు బడికొచ్చి ఒక్క వాక్యం చదవలేదు. అది మీకు తెలుసా?"

"తెలియకేం సార్, తెలుసు." ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఇంట్లో ఇంతకుముందు ఎవర్నీ ఎవరూ మెచ్చుకోలేదు సార్. బ్లౌజు బాగా కుట్టినా ఇంకో పావలా తగ్గించమంటారు గానీ బాగుందనరు. దీన్ని మాత్రం స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టారు. అది కూడా తీసేస్తారా?"

ఎవరి మీదైనా ఏవగింపు తెచ్చుకోవడం ఛీ మాస్టారికి చిటికెలో పని. ఆవిడ మీద ఎంత ప్రయత్నించినా రాలేదు. అందుకే ఇంకా చిరాకేసింది.

ఆ సాయంత్రం హెడ్మాస్టారు బేరం పెట్టాడు. "మిమ్మల్ని నొప్పించడం నాకిష్టం లేదు మాస్టారూ. పోటీ దాకా ఆ అమ్మాయి రాత మాస్టారి దగ్గరే ఉంటుంది. మీరు కూడా దానికి నచ్చజెప్పండి, చదువూ గిదువూ పక్కన పెట్టమని. మీ మాటైతే వింటుంది. మీరు సహకరిస్తే సామాన్ల గది మీదే, రంగు కూడా వేయిస్తాను. లేదంటే ఆ చివరి పీరియడ్ కూడా రాతకే ఇచ్చేస్తాను. మిగతా పిల్లల సంగతి మీరే ఆలోచించుకోండి."

మిగతా పిల్లలు పదిమంది. ఒకడు ఇప్పుడిప్పుడే బస్సు మీద ఇంగ్లీషు బోర్డు చదువుతున్నాడు. ఇంకో పిల్ల మందు డబ్బా మీద గడువు తేదీ చదివి, వాళ్ళ నానమ్మకి పాత మందులు వెయ్యకుండా ఆపింది. మాస్టారు ఇంటికెళ్ళి భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ విని, "ఒక పిల్లకి నెల రోజులు. పదిమందికి ఏడాదంతా. లెక్క తేలిగ్గానే ఉంది కదండీ" అంది. చేట పక్కన పెట్టి, "తేలిగ్గా ఉందనే నాకూ బాగోలేదు" అంది.

ఆయన ముత్యాన్ని పిలిచాడు. గుమ్మం దగ్గరే నిలబెట్టి చెప్పాడు, లోపలికి రానివ్వలేదు. "పోటీ అయ్యేదాకా ఇక్కడికి రావద్దు. రాత మాస్టారు చెప్పినట్టు చెయ్యి. రాసేటప్పుడు చదవకు. మాట వైపు చూడకు, అక్షరం వైపే చూడు. ఇదివరకు ఎలా చేసేదానివో అలాగే."

"చదవొద్దా సార్?"

"వద్దు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకి నోరు కడుక్కోవాలనిపించింది. నిజంగానే కుళాయి దగ్గరికెళ్ళి పుక్కిలించాడు. పోలేదు.

ముత్యం తలూపి, పెట్టెలోంచి తన పెన్ను తీసుకుని వెళ్ళిపోయింది. ఆ నెలంతా రాత మాస్టారి గదిలోనే కూర్చుంది. తోకలు మళ్ళీ సర్దుకున్నాయి, బొజ్జలు మళ్ళీ గుండ్రమయ్యాయి. వరండాలో ఎదురైతే ఛీ మాస్టారు పక్కకి చూసేవాడు. హెడ్మాస్టారు మాత్రం ఎదురొచ్చినప్పుడల్లా భుజం తట్టేవాడు. తట్టిన భుజాన్ని ఆయన దులుపుకునేవాడు.

పోటీ వేరే బడి హాల్లో జరిగింది. ఛీ మాస్టారు వెళ్ళలేదు. హెడ్మాస్టారు, రాత మాస్టారు ముత్యాన్ని ఆటోలో తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. ఆటో దిగిన తీరు చూసే అటెండరు టీ తేవడం మానేశాడు. కాసేపటికి ఛీ మాస్టారికి పిలుపొచ్చింది.

హెడ్మాస్టారి గదిలో బీరువాకి ఆనుకుని ముత్యం నిలబడి ఉంది. తల్లి కూడా ఉంది, విజయం కళ్ళారా చూసుకుందామని వచ్చినట్టుంది, తలుపు దగ్గరే ఆగిపోయింది. బల్ల మీద ముత్యం రాసిన కాగితం ఉంది. నిర్వాహకుల్ని బతిమాలి తెచ్చారట. నాలుగే వరసలున్నాయి. నాలుగూ ముత్యాలే. కింద కాగితమంతా తెల్లగా ఉంది.

"టైమైపోయేసరికి ఇంతే రాసింది" అన్నాడు రాత మాస్టారు. "పక్క బడి కాకిగోళ్ళ రాత వాడికి ఇచ్చారు షీల్డు. కాకిగోళ్ళు మాస్టారూ."

హెడ్మాస్టారు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "అంతసేపు ఏం చేశావమ్మా?"

"చదివాను సార్."

"ఏంటి?"

"ఎప్పుడూ శుభ్రత గురించో, కాలం విలువ గురించో ఇస్తారంట కదా సార్. ఈసారి కథ ఇచ్చారు. ఒక ముసలావిడ గొడుగు పోతుంది. మొదటి నాలుగు వరసలు రాసేసరికి పక్కింటివాళ్ళ మీద అనుమానపడింది. తర్వాత ఏమవుతుందో చూద్దామని..." ఆగింది. "చదవడం నాకు మెల్లిగా వస్తుంది సార్. చివరిదాకా వచ్చేసరికి గంట కొట్టేశారు."

"ఎవరు చదవమన్నారు నిన్ను?" హెడ్మాస్టారి గొంతులో మొదటిసారి తేనె తగ్గింది. చూపు ఛీ మాస్టారి మీదికి మళ్ళింది.

ముత్యం కంగారుపడింది. ఎక్కడ మాస్టారి మీదకొస్తుందోనని గబగబా చెప్పింది. "మాస్టారు చెప్పలేదు సార్. మాస్టారు చదవొద్దనే చెప్పారు. నేనే వినలేదు."

హెడ్మాస్టారి మొహం విప్పారింది. "చూశారా? మాస్టారు తన మాట నిలబెట్టుకున్నారు. ఇందులో మీ తప్పేం లేదు మాస్టారూ. గది మీకే ఉంటుంది. ఈ అమ్మాయి సంగతి వేరు, ఇక రానక్కర్లేదు." రాత మాస్టారు కూడా తలూపాడు, మనవాడే అన్నట్టు. ఆరో తరగతిలో ఒక పిల్ల ఉంది, మంచి చెయ్యి, రేపట్నుంచి తయారు చేద్దామని ఆ ఊపులోనే చెప్పేశాడు.

ఛీ మాస్టారు ఇన్నేళ్ళలో ఎన్నో చూసి చీదరించుకున్నాడు. వాళ్ళిద్దరూ తనని తమ పక్కన నిలబెట్టుకుని అలా ఆప్యాయంగా చూసినప్పుడు కలిగినంత రోత ఎన్నడూ కలగలేదు. అన్యాయంగా నిలబెట్టారా అంటే అదీ కాదు. చదవొద్దన్నది ఆయనే. ఆ బడిలో ఎవరూ ఇంతవరకు ఏ పిల్లకీ ఆ మాట నోరు తెరిచి చెప్పలేదు, ఆయన తప్ప. ఆ పిల్ల ఇప్పుడు ఆ మాటనే గొడుగులా పట్టి ఆయన్ని కాస్తోంది.

ఆయన ముత్యం వైపు తిరిగాడు. "ఆ ముసలావిడ గొడుగు దొరికిందా?"

"మాస్టారూ" అన్నాడు హెడ్మాస్టారు.

"దొరికింది సార్" అంది ముత్యం. "తలుపు వెనకాలే ఉంది. కానీ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరినీ ఊరికే అన్నట్టవుతుంది కదా. గొడుగు అక్కడే వదిలేసి ఎండలో తిరిగింది. చివర్లో అంతే ఉంది సార్. ఇంకేం లేదు."

తలుపు దగ్గర తల్లి మెడలో టేపు పట్టుకుని కూతుర్నే చూస్తోంది. ఆ కథ ఎక్కడిదో, కూతురికి ఎలా తెలిసిందో ఆవిడకి అప్పుడే అర్థమవుతున్నట్టుంది. "అదంతా ఆ కాగితంలో ఉందా?" అని అడిగింది. ముత్యం తలూపింది.

"బాగా చదివావు" అన్నాడు ఛీ మాస్టారు. తర్వాత హెడ్మాస్టారితో చెప్పాడు. "నేను చెప్పింది చెత్త మాటండీ. ఈ అమ్మాయి వినకపోవడమే మంచిదైంది. రేపట్నుంచి గదికి వస్తుంది. పరీక్షలయ్యేదాకా వస్తుంది."

"అయితే గది ఉండదు మాస్టారూ" అన్నాడు హెడ్మాస్టారు, మళ్ళీ తేనె పూసుకుని.

ఉండలేదు. మర్నాడే సామాన్ల గదిలోకి నాలుగు గీతల పుస్తకాలు వచ్చాయి. గుమ్మం దగ్గర అట్టపెట్టె చెత్తబుట్ట అయింది. ముత్యం తల్లి మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఛీ మాస్టారు సాయంత్రాలు ఆ పిల్లకి చదువు చెబుతున్నాడు, తల్లి కుడుతూ వింటోంది. మిగతా పదిమందిలో ముగ్గుర్ని మాత్రమే ఇంట్లోవాళ్ళు అక్కడికి పంపించారు. బస్సు బోర్డు చదివే కుర్రాడు రాలేదు. వాడికి ఇప్పుడు చివరి పీరియడ్‌లో కూడా రాతే. మొన్న వరండాలో ఎదురై, తోకలు సరిగ్గా వచ్చాయా చూడండి సార్ అని నోట్సు చాచాడు. చాలా బాగున్నాయి.